తక్కువ డబ్బుతో గురి: ఖర్చు ఎక్కడ పెట్టాలి

గురి నేర్చుకోవాలనుకునే కుర్రాడి మొదటి ప్రశ్న దాదాపుగా ఒకటే: ఏ తుపాకీ కొనాలి? ఆలమూరులో అయినా, మండపేటలో అయినా, అవతల గౌతమి దాటి రావులపాలెంలో అయినా ఇదే ప్రశ్న. తీర్థంలో చెక్క పలకకి కట్టిన బుడగల్ని వరసగా నాలుగు పేల్చేసరికి చేతిలో ఏదో ఉందన్న నమ్మకం కలుగుతుంది. ఇంటికొచ్చి ఫోను తీస్తే అమెరికాలో ఎవరో గొట్టం ఒకచోట, స్టాక్ ఒకచోట, ట్రిగ్గర్ ఇంకోచోట కొని, బల్ల మీద పరుచుకుని, మధ్యాహ్నానికల్లా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ బిగించేసి పొలంలో ఇనప పలకల్ని మోగిస్తూ కనిపిస్తాడు. ఖర్చు కలిసొచ్చింది, పని నేర్చుకున్నట్టూ అయింది, మనం కూడా చేస్తే ఏం అనిపిస్తుంది.

ఈ అధ్యాయంలో ముందుగా ఆ ఆశకి తలుపు మూసేయాలి. అది అక్కడి చట్టం, అక్కడి సంత. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం, విడిభాగాలు తెచ్చి బిగించడం, ఉన్నదాన్ని మార్చడం, అన్నీ నేరాలే. 2019లో చట్టాన్ని సవరించాక అక్రమ తయారీకి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠం జీవిత ఖైదు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద మామూలు తుపాకుల కంటే కట్టుదిట్టాలు ఇంకా ఎక్కువ. మామూలు లైసెన్సు కావాలన్నా 21 ఏళ్లు నిండాలి. సరదాగా మొదలెట్టినా, వెల్డింగు షాపులో స్నేహితుడే చేసిపెట్టినా చట్టం దగ్గర తేడా ఉండదు. ఒక కుర్రాడి ఉద్యోగం, పాస్‌పోర్టు, పెళ్లి అన్నీ దీనితో పోతాయి. ఆ దారిలో అడుగు పెట్టొద్దని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

అయితే గురి సాధన అనే కోరిక మంచిది. దానికి మన దగ్గర చక్కటి, చట్టబద్ధమైన, చౌక దారి ఒకటుంది. అది ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాలకి, అంటే 4.5 మిల్లీమీటర్లకి మించని బోరు, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, రశీదు తీసుకుని, ఆ రశీదుని రైఫిల్ సంచీలోనే భద్రంగా ఉంచండి. రోడ్డు మీద ఎవరైనా ఆపి అడిగితే మీ మాట కంటే ఆ కాగితమే బాగా మాట్లాడుతుంది.

ఇరవై జౌళ్లు తక్కువనిపిస్తోందా? ఒలింపిక్స్‌లో ఆడే మ్యాచ్ ఎయిర్ రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్లు మాత్రమే. కాగితానికి బెజ్జం పడాలంటే అంతకుమించి అవసరం లేదు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఆ శక్తితోనే. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 జూలై 30న లండన్‌లో కంచు పతకం గెలిచిందీ దానితోనే. అందుకే బలమైన స్ప్రింగు వేయిద్దాం, వేగం పెంచుదాం అనే ఆలోచన మానుకోండి. పరిమితి దాటితే మళ్లీ చట్టం పరిధిలోకి వస్తారు. గురికి అయితే లాభం సున్నా, పైగా కుదుపు పెరిగి నష్టం.

నారంగ్ అంకెల్ని ఒకసారి చూడాలి. ఆయన మొత్తం 701.1. రజతం గెలిచిన ఇటలీ ఆటగాడు కాంప్రియానీది 701.5. తేడా 0.4 పాయింటు. పది మీటర్ల పోటీలో గురిపెట్టే కార్డు మీద ఒక వలయానికీ పక్క వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, కాబట్టి 0.4 పాయింటు అంటే ఒక మిల్లీమీటరు. క్వాలిఫైయింగ్‌లో 60, ఫైనల్లో 10, మొత్తం 70 గుళ్ల తర్వాత రెండు పతకాల మధ్య తేడా ఆ ఒక్క మిల్లీమీటరుకి సమానం. ఈ ఆటలో డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ మిల్లీమీటరే చెబుతుంది. శరీరం, చూపు, వేలు, ఊపిరి కలిసి అంత సన్నటి తేడా తెస్తాయి. తుపాకీ ఆ నాలుగింటికీ అడ్డు రాకుండా ఉంటే చాలు.

నిజమే, పై స్థాయికి వెళ్లాక పరికరం ఖరీదు తప్పదు. జర్మన్, ఆస్ట్రియన్ మ్యాచ్ రైఫిళ్లు మన దగ్గర లక్షల్లో పలుకుతాయి. గగన్‌కి రైఫిల్ కొనివ్వడానికి వాళ్ల నాన్నగారు స్థలం అమ్మి, కుటుంబంతో అద్దె ఇంట్లోనే ఉండిపోయారు. ఆ త్యాగం గొప్పది. కానీ దాన్ని మొదటి అడుగుగా అనుకరించక్కర్లేదు. మీ ఇంట్లో కొబ్బరితోట మీద అప్పు తెచ్చి రైఫిల్ కొనిపించుకునే ముందు, పది పన్నెండు వేల రైఫిల్‌తో మీ చేయి ఎంత నిలుస్తుందో తేల్చుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ ఆటగాడు యూసుఫ్ దికేచ్ మామూలు కళ్లద్దాలతో, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచినప్పుడు ప్రపంచమంతా ఆ ఫొటో పంచుకుంది. ఆ నిలకడ వెనుక దశాబ్దాల సాధన ఉంది. అదే అందరూ చూడాల్సిన సంగతి.

ఇక కొనుగోలు. మన దేశంలో తయారయ్యే స్ప్రింగ్ రైఫిల్ చాలు. గొట్టాన్ని కిందికి వంచితే స్ప్రింగు బిగుసుకునే రకం. కొనేటప్పుడు శక్తి గురించి అడక్కండి, మూడు సంగతులు చూడండి. గొట్టం మూసినప్పుడు కదలకుండా గట్టిగా కూర్చుంటోందా? ట్రిగ్గర్ గరగరలాడకుండా, ఎక్కడ వదులుతుందో వేలికి తెలిసేలా ఉందా? గురి చూసే వెనక సైట్‌ని పక్కకీ పైకీ జరిపే మరలు క్లిక్ క్లిక్‌మంటూ తిరుగుతున్నాయా? ఈ మూడూ ఉంటే పేరు ఏదైనా పర్వాలేదు. టెలిస్కోపు మాత్రం వద్దు. స్ప్రింగ్ రైఫిల్ కుదుపు ముందుకీ వెనక్కీ రెండు వైపులా ఉంటుంది, చౌక టెలిస్కోపులు ఆ దెబ్బకి నిలవవు. పైగా పోటీల్లో దానికి చోటు లేదు, అలవాటైతే మళ్లీ వదిలించుకోవాలి.

చేతిలో పదిహేను వేలుంటే పది వేలు రైఫిల్‌కి పెట్టి మిగతా ఐదు తప్పకుండా ఆపుకోండి. అసలు నిర్మాణం అంతా ఆ ఐదు వేలతోనే జరుగుతుంది. రకరకాల భాగాలు తెచ్చి మీ చేతులతో బిగించాలన్న సరదా ఉంది కదా, అది తీరేది కూడా ఇక్కడే.

ముందు చోటు. పది మీటర్ల దూరం, వెనక గట్టి గోడ, మధ్యలోకి ఎవరూ వచ్చే వీలు లేకపోవడం, ఇవి మూడూ తప్పనిసరి. మండువా ఇళ్లు తగ్గిపోయాయి గానీ మన వైపు పొడవాటి షెడ్లకి కొదవ లేదు. మండపేట, అనపర్తి వైపు ఖాళీ పడిన కోళ్ల షెడ్లున్నాయి, తోటల్లో కొబ్బరికాయలు పోసుకునే గోడౌన్లున్నాయి. యజమానిని అడిగి, తాళం చెవి మీ దగ్గర ఉండేలా చూసుకుని, లోపల ఒక పక్క నుంచి ఇంకో పక్కకి టేపు పెట్టి కొలవండి. తోటలో ఆరుబయట మాత్రం వద్దు. కొబ్బరి చెట్టు వెనక ఎవరు గడ్డి కోస్తున్నారో, కాలవ గట్టు మీద ఎవరు సైకిలు తొక్కుతున్నారో కనబడదు. ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండు, అంటే పెల్లెట్, కంటి చూపు తీసేయగలదు, దగ్గర నుంచి తగిలితే ప్రాణమూ తీయగలదు. బొమ్మ తుపాకీ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

షెడ్డులో ఐదు మీటర్లే దొరికిందా? మొదటి నెలలకి అదీ సరిపోతుంది. అసలు కార్డులో నల్ల వలయం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. దాన్ని సగానికి తగ్గించి ముద్రించుకుంటే ఐదు మీటర్ల నుంచి కంటికి అంతే కనిపిస్తుంది.

తర్వాత పెట్టె. పెల్లెట్‌ని మింగేసే పెట్టె మీ చేత్తో మీరే చేయొచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ పెట్టె. లోపల వెనక వైపు మందపాటి ఇనప పలకని కిందికి వాలుగా, నలభై ఐదు డిగ్రీల్లో వెల్డింగు షాపులో పెట్టించండి. తగిలిన పెల్లెట్ మీ వైపు ఎగిరి రాకుండా కిందున్న ఇసక తట్టలో పడాలి. పలకకి ముందు పాత గుడ్డలు బాగా కూరితే చప్పుడూ తగ్గుతుంది. పెట్టె చుట్టూ గోడకి ఒక మందపాటి కొబ్బరి పీచు చాప వేలాడదీస్తే తప్పిన పెల్లెట్ వెనక్కి ఎగిరే బలం తగ్గుతుంది. అయినా సరే, రైఫిల్ పట్టుకునేవాళ్లూ పక్కన నిలబడేవాళ్లూ కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోవాల్సిందే. కార్డు మధ్య బిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి, పోటీల్లో కొలత అదే. ఒక ఎల్ఈడీ బల్బుని రేకు చాటున పెట్టి, వెలుగు కార్డు మీదే పడేలా, కంట్లో కొట్టకుండా అమర్చండి.

ఇసక తట్టలో చేరేది సీసం. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోవద్దు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. అది విషం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ తట్టని షెడ్డు దాటి రానివ్వకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటుకి వచ్చాం: రైఫిల్ మీ ఒంటికి అమరడం. కంపెనీ రైఫిల్ ఎవరి కోసం చేశారో తెలీదు, మీ కోసం మాత్రం చేయలేదు. చెప్పుల జత కొనేటప్పుడు వేసుకుని నాలుగడుగులు నడుస్తాం, రైఫిల్‌ని మాత్రం ఎలా వస్తే అలా భుజానికి ఆనించేస్తాం. భుజానికి ఆనే వెనక చివరని, అంటే బట్టుని, మోచేతి మడతలో ఆనించి, వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి అందుతోందో చూడండి. చెయ్యి బాగా సాచాల్సి వస్తే బట్టు పొడవు ఎక్కువ, వేలు దాటిపోతే తక్కువ. తక్కువైతే పాత హవాయి చెప్పు రబ్బరుని బట్టు ఆకారంలో కోసి పొరలు పొరలుగా అతికించండి. ఎక్కువైతే కోసేయడానికి తొందరపడకండి. రైఫిల్ పట్టే కోణాన్ని మార్చి, వారం రోజులు చూసి, అప్పుడు వడ్రంగి దగ్గరకి వెళ్లండి.

తర్వాత చెంప. కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, చెంపని హాయిగా స్టాక్‌కి ఆనించి, కళ్లు తెరవండి. సైట్లు రెండూ తిన్నగా కంటికి ఎదురుగా ఉంటే మీరు అదృష్టవంతులు. మెడ పైకెత్తాల్సి వస్తే చెంప ఆనే చోట స్పాంజి ముక్క పెట్టి, సైకిల్ ట్యూబుతో చుట్టేయండి. ముక్క మందం రోజుకి కాస్త మారుస్తూ సరైనది పట్టుకోవాలి. మెడ బిగుసుకుంటే ఇరవయ్యో గుండుకి కన్ను అలిసిపోతుంది, నలభయ్యో గుండుకి మనసు కూడా అలిసిపోతుంది. లక్షల ఖరీదు రైఫిళ్లలో మరలు తిప్పి సర్దుకునేది కూడా ఇదే పని. అది స్పాంజితో, రబ్బరుతో, ఓపికతో మనం చేసుకోవచ్చు. పోటీకి వెళ్లే ముందు మాత్రం వాళ్ల కొలతల నియమాలకి లోబడి ఉందో లేదో చూపించుకోవాలి.

పెల్లెట్ల విషయంలో పీనాసితనం పనికిరాదు. తల బల్లపరుపుగా ఉండే రకమే తీసుకోండి, కాగితం మీద గుండ్రటి శుభ్రమైన బెజ్జం పడుతుంది, అంకె తేలిగ్గా చదవొచ్చు. రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా తెచ్చి, రైఫిల్‌ని ఇసక సంచి మీద ఆనించి, ఒక్కో రకంతో ఐదేసి పేల్చండి. ఏ ఐదూ దగ్గర దగ్గరగా పడ్డాయో అదే మీ గొట్టానికి నచ్చిన పెల్లెట్. అవి కార్డు మధ్యలో పడ్డాయా, ఒక మూలకి పడ్డాయా అన్నది అప్పుడే చూడకండి. గుంపు దగ్గరగా ఉంటే దాన్ని మధ్యకి జరపడం సైట్ మరలకి రెండు నిమిషాల పని. ఎటు జరగాలో అటే వెనక సైట్ తిప్పాలి. గుంపే చెదిరిపోతుంటే ఏ మర తిప్పినా ఫలితం ఉండదు.

సాధనలో కూడా ఇదే పద్ధతి. రోజుకి వంద పేల్చేవాడి కంటే నలభై పేల్చి, ప్రతి ఐదింటికీ కార్డు మార్చి, తారీకు వేసి దాచుకునేవాడు వేగంగా ఎదుగుతాడు. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, బరువు కండ మీద కాక ఎముక మీద నిలిచేలా నిలబడండి. కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసి తెరవండి. గురి పక్కకి జరిగి ఉంటే చేతులతో లాగొద్దు, పాదం కొద్దిగా జరపండి. చూపు ముందు సైట్ మీదే ఉండాలి, కార్డు మసకగా కనిపించినా పర్వాలేదు. సగం ఊపిరి వదిలి ఆపి, ఆరేడు సెకన్లలో వేలు నొక్కలేకపోతే రైఫిల్ దించేయండి. దించేయడం నేర్చుకోవడానికే చాలామందికి ఏడాది పడుతుంది. అది వచ్చిన రోజు నుంచి కార్డులు మారిపోతాయి. గుండు వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు కదలకుండా అలాగే చూస్తూ ఉండాలి. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ గొట్టం దాటేలోపే కుదుపు మొదలవుతుంది కాబట్టి ఈ నిలకడ మీద ఇంకా ఎక్కువ ఆధారపడాలి. గట్టిగా బిగించి పట్టుకోకండి, ప్రతిసారీ ఒకేలా వదులుగా పట్టుకోండి.

ఒక జాగ్రత్త. పెల్లెట్ పెట్టకుండా స్ప్రింగ్ రైఫిల్‌ని పేల్చకూడదు, లోపల పిస్టన్ వచ్చి నేరుగా గుద్దుకుని సీలు పాడవుతుంది. నిలబడి పట్టుకునే సాధన స్ప్రింగు బిగించకుండానే చేసుకోండి.

మన గోదావరి గాలిలో తేమ ఇనుముకి శత్రువు. వానాకాలంలో ఒక్క రాత్రిలో చెమట పట్టిన వేలిముద్ర తుప్పు మచ్చ అవుతుంది. సాధన అయ్యాక పొడిగుడ్డతో, తర్వాత కాస్త నూనె రాసిన గుడ్డతో పైన తుడవండి. ఆ నూనె గాలి గదిలోకి పోనివ్వకండి. లోపల ఒత్తిడి వేడికి అది భగ్గుమని మండి, సీలు దెబ్బతింటుంది, శక్తి అదుపు తప్పుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టడం కూడా తప్పే, తేమ లోపలే ఉండిపోతుంది. నూలు గుడ్డ సంచి, తాళం వేసిన పెట్టె, పెల్లెట్లు ఇంకో చోట.

చుట్టాలు, స్నేహితులు ఒక మాట తప్పకుండా అంటారు: తోటలో పావురాలున్నాయి, కాలవ దగ్గర కొంగలున్నాయి, ఒకసారి చూపించరా నీ గురి అని. వద్దనండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. ఆ మాట పక్కన పెట్టినా, గూటిలో పిల్లలున్న పక్షిని కొట్టి చూపించే గురి నాకు గురిలా కనిపించదు. కాగితం మీద తొమ్మిదికీ పదికీ తేడా పట్టుకోలేనివాడే కదిలే ప్రాణం కోసం వెతుక్కుంటాడు.

కాలేజీ పిల్లలకి ఇంకో దారి ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఎన్‌సీసీలో చేరితే 0.22 రైఫిల్‌తో, శిక్షకుడి పర్యవేక్షణలో, చట్టం నీడలో, ఖర్చు లేకుండా అసలు తుపాకీ పేల్చే అవకాశం వస్తుంది. రాజమండ్రి, కాకినాడ కాలేజీల్లో చదివేవాళ్లు చేరిన మొదటి నెలలోనే అడగాలి. ఆడపిల్లలకి కూడా చెబుతున్నాను, ఈ ఆటలో కండబలం పెద్ద సంగతి కాదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ హైదరాబాదులో గగన్ నారంగ్ అకాడమీలో శిక్షణ పొంది 2022లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు.

పోటీ మాటకొస్తే, మొదటి పోటీకి లక్షల ఖరీదు రైఫిల్ ఉండాలన్న భయం వదిలేయండి. మన జాతీయ నియమాల కింద ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ విభాగం ఉంది. మీ చేతిలో ఉన్నటువంటి రైఫిల్‌కి చోటు అక్కడే. అందులో మీ కార్డులు మూడు నెలల పాటు ఒకే స్థాయిలో నిలిస్తే, అప్పుడు రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ విభాగానికి మారండి. మన దేశంలోనే తయారయ్యే పీప్ సైట్ రైఫిళ్లు విదేశీవాటికంటే బాగా తక్కువకే దొరుకుతున్నాయి. ఆడి మానేసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌వి కూడా వస్తుంటాయి. వాటిని కొనేటప్పుడు అసలు రశీదు, గాలి సిలిండర్‌తో పనిచేసే రకమైతే ఆ సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఆ సిలిండర్లలో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. గడువు దాటినదాన్ని ఎంత చౌకగా ఇచ్చినా ఇంటికి తేవద్దు. కొనే ముందు అమ్మేవారి ఎదుటే మీకు అలవాటైన పెల్లెట్లతో ఐదు పేల్చి, ఆ కార్డుని మీ పాత కార్డుల పక్కన పెట్టి చూడండి. గుంపు మీ పాతదానికంటే చిన్నదైతేనే బేరం మాట్లాడండి.